టీచర్ గారి కేకుకి ఐసింగ్ ఏది?

కేక్ కాల్చడం పెద్ద కష్టమేం కాదండీ. కుక్కర్‌కి గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున రాళ్ల ఉప్పు పోసి, స్టాండ్ మీద గిన్నె పెట్టి సన్న సెగ మీద గంట పైన ఉంచితే మా ఎలమంచిలిలో కూడా ప్లమ్ కేక్ చక్కగా పొంగుతుంది. అసలు కథంతా కేక్ దించాకే మొదలవుతుంది. పైన ఏం పూయాలి? ఏం పెట్టాలి?

వినడానికి చాలా చిన్న ప్రశ్న. పోయిన డిసెంబర్‌లో దీని మీద నాకు మూడు వీకెండ్‌లు, రెండు కిలోల పంచదార, అమ్మతో ఒక గొడవ ఖర్చయ్యాయి.

ముందు ఆ కేక్ ఎవరికోసమో చెప్పాలి. మా వీధి చివర టీచర్ గారు ఉంటారు. ఐదో తరగతిలో నాకు లెక్కలు, డ్రాయింగ్ రెండూ ఆవిడే చెప్పారు. వాళ్లాయన స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. మేం సార్ అనేవాళ్లం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి డిసెంబర్ 25 మధ్యాహ్నం సార్ ఒక స్టీలు డబ్బాలో కేక్ పట్టుకుని మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవారు. టీచర్ గారు ఇంట్లో చేసిన కేక్. పైన తెల్లటి ఐసింగ్, అంచు చుట్టూ చిన్న చిన్న గవ్వలు వరసగా పేర్చినట్టు డిజైన్. సంక్రాంతికి అదే డబ్బాలో అరిసెలు పెట్టి అమ్మ పంపేది. ఇరవయ్యేళ్లుగా ఆ డబ్బా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అది మొదట్లో ఎవరింటిదో ఇప్పుడు రెండిళ్లలోనూ ఎవరికీ గుర్తులేదు.

ఆ ఏడాది ఆగస్టులో సార్ పోయారు.

నవంబర్ చివర్లో టీచర్ గారు కూరగాయల బండి దగ్గర కనపడితే, బుద్ధి లేకుండా "ఈసారి కేక్ ఎప్పుడు మొదలెడతారండీ?" అనేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. "ఈ ఏడు ఏం లేదు నాన్నా. స్టార్ కట్టట్లేదు, కేకూ చెయ్యట్లేదు. చర్చికెళ్లి వచ్చేస్తాను అంతే" అన్నారు. చిల్లర లెక్కపెడుతున్న చేతులు వణకడం అప్పుడు చూశాను.

సరే, కేక్ మనం చేద్దాం అనుకున్నాను. అమ్మకి చెప్తే ఒప్పుకుంది కానీ వెంటనే ఒక కండిషన్ పెట్టింది. "సంవత్సరీకం అవ్వని ఇంటికి ముస్తాబు చేసిన కేకు ఏటిరా? ఉత్త కేకు ఇచ్చీసి రా. ఆ పూలూ, క్రీములూ, హ్యాపీ అని రాతలూ వద్దు."

"వాళ్ల పద్ధతి వేరు కదమ్మా" అన్నాను.

"బాధకి పద్ధతేటి?" అంది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. అయినా ఉత్త కేక్ పట్టికెళ్తే అది సార్ తెచ్చే కేక్‌లా ఉండదు. బేకరీలో ముక్క కొనిచ్చినట్టే ఉంటుంది. పైన ఏమీ లేకపోవడం కూడా ఒక మాట చెప్పినట్టే కదా. ఇలా ఆలోచిస్తూ, ఎటూ తేల్చుకోలేక, సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా అలవాటైన పనే చేశాను. నిర్ణయం పక్కనపెట్టి టెస్టింగ్ మొదలెట్టాను.

మొదటిది విప్‌డ్ క్రీమ్. మన బేకరీల్లో బర్త్‌డే కేకుల మీద కనిపించే తెల్లటి నురగ చాలామటుకు పాల క్రీమ్ కాదు, వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసిన విప్పింగ్ క్రీమ్. గడ్డకట్టిన ప్యాకెట్‌గా అమ్ముతారు. ఫ్రిజ్‌లో మెల్లగా కరిగించి, గిన్నె కూడా చల్లబరిచి గిలక్కొడితే రెండింతలకు పైన పొంగుతుంది. నేను వైజాగ్‌లో కొని, బస్సులో గంట పైన ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇంటికి వచ్చేసరికి అది మజ్జిగ. ఎంత గిలక్కొట్టినా మజ్జిగే. పైగా ప్లమ్ కేక్ బరువైన కేక్, రోజుల తరబడి నిలవుండే కేక్. దాని మీద రెండు రోజుల్లో పాడయ్యే క్రీమ్ వెయ్యడం అంటే ఆవకాయ జాడీకి కాగితం మూత పెట్టినట్టే. జపాన్‌లో క్రిస్మస్ కేక్ అంటే క్రీమూ స్ట్రాబెర్రీలే, కానీ అక్కడ లోపల ఉండేది మెత్తటి స్పాంజ్. పూత ఎప్పుడూ కింద ఉన్నదాన్ని బట్టి ఉండాలి.

రెండోది బటర్‌క్రీమ్. ఒక వంతు వెన్నకి రెండు వంతుల ఐసింగ్ షుగర్. ఇంట్లో ఉన్న టేబుల్ బటర్ వాడాను. అందులో ఉప్పుంటుందని తెలుసు, కానీ అంత తెలుస్తుందనుకోలేదు. చెల్లి నోట్లో పెట్టుకుని "అన్నయ్యా, ఇది మొక్కజొన్న పొత్తు మీద రాసుకుంటే బాగుంటుంది" అంది. మీరు చేస్తే ఉప్పు లేని వెన్న అని ప్యాకెట్ మీద చూసి కొనండి. ఇంకో సంగతి, వెన్న 30 డిగ్రీలు దాటితే నీరుకారడం మొదలెడుతుంది. మా వైపు డిసెంబర్‌లో పొద్దున్న స్వెటర్ వేసుకుంటాం, మధ్యాహ్నం ఫ్యాన్ వేసుకుంటాం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డిసెంబర్‌లో బాగా నిలబడే బటర్‌క్రీమ్ కోస్తాలో మధ్యాహ్నం రెండింటికి కేక్ మీంచి జారి ప్లేట్‌లోకి దిగిపోవచ్చు.

ఫాండెంట్ గురించి ఎక్కువ చెప్పను. ఇన్‌స్టా రీల్స్‌లో పరుపు మీద దుప్పటి పరిచినట్టు కేక్ మీద పరుస్తారే, అది. ఫొటోకి అద్భుతం. తినేటప్పుడు మాత్రం అందరూ తొక్క తీసినట్టు తీసి పక్కన పెడతారు. ఫ్రిజ్‌లోంచి తీస్తే మన గాలిలో తేమకి చెమట పడుతుంది, రంగులు కారతాయి.

ఇక అన్నిటికన్నా తేలికైంది: పైన కాగితం కత్తిరించిన డిజైన్ పెట్టి, టీ జల్లెడతో పంచదార పొడి చల్లడం. కాగితం తీస్తే నక్షత్రం. ఐదు నిమిషాల పని, చూడముచ్చటగా ఉంటుంది. కాకపోతే కేక్ తడిని పొడి పీల్చేసుకుని కాసేపటికి నక్షత్రం మాయమవుతుంది. కోసే ముందు చల్లాలి. మీకు టైం లేకపోతే, మొదటిసారి చేస్తుంటే, ఇదే చెయ్యండి. సిగ్గుపడక్కర్లేదు.

అసలు మన దేశంలో క్రిస్మస్ కేక్‌కి ఐసింగ్ తప్పనిసరి ఏమీ కాదు. కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు అనే బేకరీ ఆయన 1883లో మర్డాక్ బ్రౌన్ అనే తోటల యజమాని ఇచ్చిన ఇంగ్లండ్ కేక్ ముక్కని చూసి మన సరుకులతో చేసిందే ఇక్కడి మొదటి క్రిస్మస్ కేక్ అని చెప్పుకుంటారు. ఆ దారిలో వచ్చిన ప్లమ్ కేక్ ఇప్పటికీ పైన ఏమీ లేకుండా, గోధుమరంగులో, రేపర్ చుట్టుకునే వస్తుంది. తెల్లటి గట్టి పూత ఇంగ్లండ్ వాళ్ల అలవాటు. దాన్నే రాయల్ ఐసింగ్ అంటారు. 1840లో విక్టోరియా రాణి పెళ్లి కేక్‌తో ఆ పేరు ముడిపడిందంటారు. టీచర్ గారి కేక్ మీద గవ్వల వరస కూడా ఆ బాపతే.

అంటే నేను నేర్చుకోవాల్సింది అదే. గుడ్డులో తెల్లసొన, పంచదార పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం. ఒక తెల్లసొనకి 150 నుంచి 200 గ్రాముల పొడి. ఆరితే సుద్దముక్కలా గట్టిపడుతుంది. ఇక్కడ రెండు చిక్కులు వచ్చాయి.

ఒకటి, పచ్చి గుడ్డు. పెద్దవాళ్లకి, చిన్నపిల్లలకి పచ్చి తెల్లసొన పెట్టకూడదు, సాల్మొనెల్లా భయం. ఆన్‌లైన్‌లో మెరాంగ్ పౌడర్ దొరుకుతుంది, అది తెప్పించుకోవచ్చు. లేదంటే స్టీలు గిన్నెలో తెల్లసొన, కొంచెం పంచదార వేసి, మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పెట్టి ఆపకుండా కలుపుతూ 71 డిగ్రీలకి తీసుకెళ్లాలి. థర్మామీటర్ లేకుండా అంచనాతో చెయ్యకండి, గుడ్డు ఉడికిపోతుంది. (నాది మొదటిసారి ఉడికింది. తియ్యటి ఆమ్లెట్.) గిన్నెకి నూనె జిడ్డు ఉంటే తెల్లసొన నురగ రాదు. అందుకే ప్లాస్టిక్ గిన్నెలు వద్దు. నిమ్మచెక్కతో ఒకసారి తుడిచేస్తే మంచిది.

రెండోది, రంగు. నేను కేక్‌లో పంచదార బదులు అనకాపల్లి బెల్లం వేశాను. పక్కనే అంత పెద్ద బెల్లం మార్కెట్ పెట్టుకుని ఇంకేం వేస్తాం? రుచి సూపర్. కానీ తెల్లటి ఐసింగ్ నేరుగా పూస్తే మర్నాటికి కింద నుంచి బెల్లం తడి ఊరి, పాత గోడ మీద చెమ్మ మరకల్లా పసుప్పచ్చ మచ్చలు తేలాయి. ఇంగ్లండ్ వాళ్లు దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. కేక్‌కి జామ్ రాసి, మధ్యలో బాదం ముద్ద, అదే మార్జిపాన్, పరిచి దానిమీద ఐసింగ్ వేస్తారు. ఆ పొర కేక్ తడిని పైకి రానివ్వదు.

బాదం ధర చూసి ఆగాను. అప్పుడు వెలిగింది. మనకి జీడిపప్పు ఉందిగా! పైన శ్రీకాకుళం జిల్లాలో పలాస ఉండగా బాదం ఎందుకు? గోవా, ముంబై వైపు కూడా మార్జిపాన్‌ని జీడిపప్పుతోనే చేస్తారు. తీరా చూస్తే అది మన కాజూ కత్లీ ముద్దే. 200 గ్రాముల పప్పుని మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి, ఒకేసారి తిప్పితే నూనె వదిలేస్తుంది. 100 గ్రాముల పంచదారకి తీగపాకం పట్టి, పొడి కలిపి, దగ్గరపడ్డాక దించి, గోరువెచ్చగా ఉండగానే చేతికి కాస్త నెయ్యి రాసుకుని మెత్తగా పిసకాలి. రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో అర సెంటీమీటర్ మందాన వత్తాలి. కేక్ పైన ఉబ్బుని కత్తితో చదును చేసి, తిరగేసి, అడుగుభాగం పైకి వచ్చేలా పెట్టుకోండి. సాఫీగా ఉంటుంది. ఒక స్పూన్ నీళ్లతో వేడి చేసిన జామ్ పల్చగా రాసి, ఆ రేకుని పరిచెయ్యడమే. ఏడంగుళాల కేక్‌కి పైభాగానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. ఆ మిగిలింది ఏమైందో మా చెల్లిని అడగండి.

ఈ రేకు వల్ల ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. టీచర్ గారికి షుగర్ ఉంది. కేక్ మొత్తానికి ఐసింగ్ పూస్తే అరకిలో దాకా పంచదార పడుతుంది. తెల్లటి జీడిపప్పు రేకు మీద సన్న గీతలు మాత్రమే గీస్తే ఐసింగ్ షుగర్ యాభై గ్రాములు కూడా అవ్వదు.

అలంకారం సామాను కోసం బజారుకెళ్తే ఒక లోకం ఉంది. వెండి బంతులు, మెరుపుల పొడి, ప్లాస్టిక్ శాంటా. మెరుపుల డబ్బా మీద "నాన్ టాక్సిక్" అని ఉంటే తినొచ్చని కాదు, తింటే విషం కాదని మాత్రమే. తినే రకమైతే "ఎడిబుల్" అని, పదార్థాల లిస్టు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉంటాయి. రంగులైతే మన దేశంలో తిండిలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. 2024 ఫిబ్రవరిలో తమిళనాడులో పీచుమిఠాయిని బ్యాన్ చేసింది అందులో రోడమిన్ బి అనే బట్టల రంగు దొరికినందుకే. విడిగా పొట్లాల్లో అమ్మే రంగు జోలికి పోకపోవడమే మేలు. ఇంకో విషయం, పెరట్లో ఎర్రగా బాగుందని గన్నేరు పువ్వు తెచ్చి కేక్ మీద గుచ్చకండి. గన్నేరు చెట్టంతా విషమే.

బేకరీ చెర్రీలు అని మనం తినేవి చాలాసార్లు చెర్రీలు కావు, పంచదార పాకంలో ఊరిన వాక్కాయలు. టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయి. ఇది తెలిశాక కొందరు మోసం అని ఫీలవుతారు, నాకైతే ముచ్చటేసింది. ఇంగ్లండ్ కేక్‌ని మన కంచెమీది కాయతో మేనేజ్ చేశాం కదా!

ప్లాస్టిక్ శాంటా కొనలేదు. మాకు దగ్గర్లోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరు. పసుపు, నీలి, జాఫ్రా గింజల్లాంటివాటితో తీసిన రంగులు వాడతారు. 2017లో జీఐ ట్యాగ్ వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఆ బొమ్మలదే. అక్కడ బొటనవేలంత గంట బొమ్మ ఒకటి కొన్నాను. కేక్ మీద పెట్టాలంటే కింద చిన్న బటర్ పేపర్ ముక్క వేస్తే చాలు, తిన్నాక కడిగి దాచుకోవచ్చు.

ఇక గీతలు. నా దగ్గర నాజిల్స్ లేవు. బటర్ పేపర్‌ని గోరింటాకు కోన్‌లా చుట్టి, ఐసింగ్ నింపి, మొన కత్తిరించి, స్టీలు ప్లేటు వెనక ప్రాక్టీస్ మొదలెట్టాను. ప్లేటు మంచి టెస్ట్ సర్వర్. నచ్చకపోతే గీకి మళ్లీ కోన్‌లో వేసుకోవచ్చు. గంటసేపు గీశాను. ఒక్క గీతా తిన్నగా రాలేదు. వానపాములు.

వంటింట్లోంచి అమ్మ చూస్తూనే ఉంది. నెలగంట పెట్టి వారమైంది, రోజూ తెల్లారకముందే లేచి వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తోంది. చివరికి ఆగలేకపోయింది. "మొనని ప్లేటుకి ఆన్చి రాస్తన్నావేటి? పెన్ననుకున్నావా? పైకెత్తి పట్టుకో. దారం దానంతటదే జారాలి. చెయ్యి తీసుకెళ్లిన కాడికి అది వస్తాది." కోన్ లాక్కుని ప్లేటు మీద నాలుగు చుక్కలు పెట్టి, మెలిక తిప్పి కలిపేసింది. వందల రూపాయల ఆన్‌లైన్ కోర్సుల్లో చెప్పేదీ సరిగ్గా ఇదే, కోన్‌ని పైకెత్తి దారాన్ని పడనివ్వమనే. ముగ్గు వేసే చేతికి ఇది పుట్టుకతో వచ్చినట్టుంది.

"అయితే కేక్ మీద నువ్వే వెయ్యమ్మా" అన్నాను.

"నానెయ్యను. చెప్పేను కదా" అని వెళ్లిపోయింది.

డిసెంబర్ 24 సాయంత్రం దాకా తేల్చుకోలేకపోయాను. తెల్లటి జీడిపప్పు రేకుతో కేక్ రెడీ. దాని మీద నక్షత్రం వెయ్యనా, అంచు వెయ్యనా, వదిలెయ్యనా? స్టార్ కట్టనన్న మనిషికి నేను కేక్ మీద స్టార్ గీసి ఇస్తే అది ప్రేమా, మొండితనమా? చివరికి కేక్‌ని అలాగే డబ్బాలో పెట్టి, కోన్‌ని తడిగుడ్డలో చుట్టి (లేకపోతే మొన దగ్గర గట్టిపడిపోతుంది), గంట బొమ్మ జేబులో వేసుకుని వెళ్లాను.

టీచర్ గారు డబ్బా మూత తీసి కాసేపు చూశారు. "పైన ఏమీ వెయ్యలేదండీ. వెయ్యమంటే వేస్తాను, వద్దంటే ఇలాగే ఉంచేద్దాం" అన్నాను.

"ఈ తెలుపేంటి? మైదానా?"

"జీడిపప్పండీ."

"పంచదార ఎంత పోశావు?"

చెప్పాను. తల ఊపారు. లోపలికెళ్లి కళ్లజోడు తెచ్చుకున్నారు. కేక్‌ని బల్ల మీద ఒక చుట్టు తిప్పి, "అంచు లేకుండా కేకేంటి, పొట్లం విప్పినట్టు" అని చెయ్యి చాచారు. కోన్ ఇచ్చాను.

చెయ్యి వణికింది. ఆవిడ కంగారుపడలేదు. మోచెయ్యి బల్లకి ఆనించి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నారు. నొక్కి, ఆపి, వెనక్కి లాగి ఒక గవ్వ. దాని తోక మీద ఇంకో గవ్వ. ఒక్కోదానికి అరనిమిషం పట్టింది. గవ్వలన్నీ ఒకే సైజు. మూడో వంతు దాకా వచ్చాక ఆగి, "మిగతాది నువ్వెయ్యి. వేళ్లు లాగేస్తున్నాయి" అన్నారు. వేశాను. మొదటి నాలుగూ పర్లేదు, తర్వాత వాటికి నచ్చినట్టు పోయాయి.

"లెక్కల్లోనూ ఇంతే నువ్వు. మొదటి రెండు స్టెప్పులు ముద్దుగా రాసేవాడివి" అన్నారు.

గంట బొమ్మ తీసిస్తే కేక్ మీద పెట్టలేదు. తిప్పి చూసి, సార్ ఫొటో ముందున్న స్టూల్ మీద పెట్టారు. మధ్యలో ఏమైనా వెయ్యనా అని అడిగితే వద్దన్నారు. ఐసింగ్ గట్టిపడటానికి గంట పడుతుందంటే, ఆ గంటా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. సార్ స్టీల్ ప్లాంట్ నుంచి నైట్ షిఫ్ట్ చేసి వచ్చి, కేక్ ఆరక ముందే వేలు పెట్టి నాకేసేవారట. అంచు గవ్వలు మొదలెట్టింది ఆ వేలిముద్రలు కప్పడానికేనట.

తన కోసం చిన్న ముక్క ఒకటి, ఫొటో దగ్గరికి ఒకటి కోసుకుని, మిగతాది మళ్లీ డబ్బాలోనే సర్ది నా చేతికిచ్చారు. "మీ అమ్మకి పట్టుకెళ్లు. సంక్రాంతికి అరిసెలు కొంచెం మెత్తగా చెయ్యమను, పళ్లు నెప్పులు."

ఇంటికొచ్చి డబ్బా వంటింటి గట్టు మీద పెట్టాను. అమ్మ మూత తీసి, కళ్లు చిట్లించి, వేలితో గవ్వల వెంబడే గాల్లో చూపించుకుంటూ వెళ్లింది. ఒక చోట వేలు ఆగింది.

"ఇక్కడిదాకా ఆవిడ" అంది. "ఇక్కణ్ణుంచి నువ్వు."